మెషీను చదవని కార్డు

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి నాతో ఇంకా పని పడలేదు. అలాంటిదాన్ని ఆ నెలంతా నోరు మూసుకుని ఎలా నెట్టుకొచ్చానో తలచుకుంటే ఇప్పటికీ నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

నేను భిలాయిలో పుట్టిపెరిగిన తెలుగుపిల్లని. ఇంట్లో బొబ్బిలి తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఆ రెండిటినీ కలిపి కొట్టిన ఇంగ్లీషు. ఎనభైల మొదట్లో స్టీలు ప్లాంటు కంప్యూటర్ విభాగంలో పంచింగ్ హాల్లో ఉద్యోగం దొరికింది. వరసగా కూర్చున్న ఆడపిల్లలం, ఎవరో రాసిపంపిన అంకెల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్డుల మీద కొట్టడమే పని. ఏ అంకె ఎందుకని అడగకూడదు. అడిగితే చేతివేగం తగ్గిపోతుందని మా సూపర్‌వైజరమ్మ గట్టి నమ్మకం. ఒకరోజు ఒక కాగితంలో లెక్క తప్పుందని, దాన్ని కొట్టేది లేదని మొండికేశాను. నా మీద పైకి ఫిర్యాదు వెళ్ళింది. విచారించడానికి వచ్చిన సీనియర్ ప్రోగ్రామరు గురునాథరావుగారు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశారు. తప్పు నిజమేనని తేల్చారు. నాతో ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయి, మరుసటి వారం నన్ను ప్రోగ్రామింగు గదికి పంపమని అడిగారట.

ఆయనది విజయనగరం. మా నాన్నకి ఎరుగున్న మనిషి. అందుకని ఇంటి దగ్గర మావయ్యగారూ అనేదాన్ని, ఆఫీసులో సార్ అనేదాన్ని. ఆ గదిలో ప్రోగ్రాము రాయడం వచ్చినవాళ్ళందరికీ ఓనమాలు దిద్దించింది ఆయనే. ఎవరినీ గట్టిగా కసరరు. తప్పు చేస్తే మన పక్కనే కూర్చుని, మనం దాన్ని కనిపెట్టేదాకా ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు భరించలేక చచ్చినట్టు నేర్చుకునేవాళ్ళం.

ఆయనకో అలవాటుండేది. అప్పట్లో ఒక్కో ప్రోగ్రామంటే ఒక్కో కార్డుల కట్ట. అందులో కొన్ని కార్డుల మొదట ఒక గుర్తు కొడితే మెషీను వాటిని చదవకుండా వదిలేస్తుంది. మనుషులు తమకోసం ఏదైనా రాసుకోవడానికి అవి. గురునాథరావుగారు అలాంటి కార్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని కొట్టి ప్రతి కట్ట మీదా పెట్టేవారు. పొద్దున్నే కట్ట చేతిలోకి తీసుకోగానే నిన్నటి కార్డు తీసి, కొత్తది కళ్ళకద్దుకుని పెట్టేవారు. చేరిన కొత్తలో ఉండబట్టలేక అడిగాను, మెషీను చదవని దాన్ని ఎందుకు పెట్టడమని.

"మెషీను కోసం ఎవరు రాసేరు?" అన్నారాయన.

తరవాత కార్డులు పోయాయి. గదిలోకి యూనిక్స్ మెషీను, దానికి నాలుగైదు టెర్మినళ్ళు వచ్చాయి. ఎనభయ్యేడు కాబోలు. పంచింగ్ హాల్లో కార్డుల బదులు డేటా ఎంట్రీ మొదలైంది. మాకు తెరమీద ఆజ్ఞ టైపు చేస్తే మెషీను ఆ పని చేసిపెట్టడం కొత్త. నాకైతే ఆకలి నిద్ర లేకుండా పోయింది, అంత నచ్చేసింది.

మా గదిలో ముఖ్యమైన పని రైలు పట్టాలు తయారుచేసే మిల్లుకి షెడ్యూలు ఇవ్వడం. ఏ రకం పట్టాలు, ఎంత పొడవువి, ఏ వరసలో చెయ్యాలన్నది ఫైళ్ళలో ఉంటుంది. ఆర్డరు మారితే ఎవరో ఒకరు ఆ ఫైలు తెరిచి అంకె మార్చాలి. మార్చాక ఒకదాని తరవాత ఒకటిగా ప్రోగ్రాములు నడపాలి, ప్రింటు తియ్యాలి, కాగితం మిల్లుకి పంపాలి. అంకె మార్చడం అందరికీ గుర్తుంటుంది. తరవాతివే మరిచిపోతారు. నా పక్క సీటు శ్యామసుందర్‌కి తన టిఫిన్ డబ్బా తప్ప ఏదీ గుర్తుండదు. అతనితో దెబ్బలాడి దెబ్బలాడి విసుగెత్తి, చివరికి నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. దానిపేరు చౌకీ, అంటే కాపలా. తెరమీద చౌకీ అని కొట్టి, పక్కన కాపలా కాయాల్సిన ఫైలు పేరు, ఆ పక్కన ఫైలు మారితే చెయ్యాల్సిన పని రాస్తే చాలు. ఇక అది వెనకాల కూర్చుని, ఆ ఫైలు ఆఖరిసారి సేవ్ అయిన టైము ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. టైము కొత్తదైతే తనంతట తనే ప్రోగ్రాములన్నీ నడిపి ప్రింటు తీసేస్తుంది, ప్యూను ఆ కాగితాన్ని మిల్లుకి అందిస్తాడు. మనిషి మరిచిపోవడానికి ఏమీ మిగలదు.

మా మేనేజరు రాజగోపాల్‌గారు తమిళాయన. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. ఆయన రాసే ప్రతి కాగితం పైనా ఎడమ మూల చిన్న సున్న చుట్టి కిందికి గీత లాగి ఉంటుంది. కలం రాస్తోందో లేదో చూసుకుంటున్నారని నేననుకునేదాన్ని. చౌకీ సంగతి విని, నెలాఖరు దాకా నడిపి చూద్దామన్నారు. నేనింకా లెక్కకి డేటా ఎంట్రీ మనిషినే, ఇక్కడ అరువు మీద ఉన్నాను. చౌకీ సరిగ్గా నడిస్తే ఈ గదిలో కుర్చీ నాకే ఖాయం. నడవకపోతే ఊరికి దూరంగా నందినిలో ఉన్న సున్నపురాయి గనుల ఆఫీసులో డేటా ఎంట్రీకి మనిషి కావాలంటున్నారు, అక్కడికి పంపేస్తారు. ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టారు. నందిని మీద నాకేమీ ద్వేషం లేదు. కానీ ఒకసారి ఆలోచించడానికి అలవాటు పడ్డాక మళ్ళీ అంకెలు కొట్టుకుంటూ బతకమంటే నా వల్ల కాదు. ఆ కుర్చీ నాకు ప్రాణంతో సమానం.

మొదటిరోజు చౌకీ బంగారంలా నడిచింది. ఇల్లలకగానే పండగ అనుకున్నాను. మర్నాడు పొద్దున్న నేను సంచీ బల్లమీద పెట్టేలోగా ఫోను మోగింది. మిల్లు నుంచి పార్థసారథిగారు. ఆయనది పలాస దగ్గర.

"అమ్మా కుముదినీ, కొత్త షెడ్యూలు వచ్చింది. ఇందులో ఏటి మారిందమ్మా?"

నేను ఫైలు చూశాను. ఏమీ మారలేదు. అంకె అంకె నిన్నటిలాగే ఉంది. మర్నాడూ ఫోనే, అదే ప్రశ్న. మిల్లులో ఒక పద్ధతుంది. మారిన షెడ్యూలు వస్తే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది మారిందో పెన్సిలుతో గుర్తుపెట్టి సంతకం చెయ్యాలి. ఇద్దరు మనుషులం తలలో పేలు చూసినట్టు చూస్తన్నామమ్మా, ఒక్కటీ దొరకలేదని ఆయన మొత్తుకున్నారు. ఆయన మంచివాడు కాబట్టి మొత్తుకున్నారు. నేనైతే తిట్టేదాన్ని.

రాజగోపాల్‌గారు పిలిచారు. కూర్చోమనలేదు. ఇలా రోజూ ఉత్తుత్తి కాగితం పంపిస్తే నిజంగా మారిన రోజున వాళ్ళు దాన్ని పక్కన పడేస్తారని చెప్పారు. నాన్నా పులి కథ నాకు తెలియనిదేం కాదు. సరిచేస్తానన్నాను. సరిచెయ్యడం ఒక్కటే చాలదన్నారాయన. కారణం తెలియాలి, కారణం తెలియని దాన్ని మిల్లు నెత్తిన పెట్టనన్నారు. ఆ మాట న్యాయమే కావడంతో నాకు మరింత మంట పుట్టింది.

ముందు శ్యామసుందర్ మీద పడ్డాను. ఫైళ్ళన్నీ పొద్దున్నే, జనరల్ షిఫ్టు మొదలయ్యే ముందు సేవ్ అవుతున్నాయి. మేమంతా ఒకే పేరుతో మెషీన్లోకి వెళ్తాం కాబట్టి ఎవరు చేశారన్నది తెలియదు. ఇలాంటి తెలివితక్కువ పని అతనే చెయ్యాలి. అతను తన డబ్బా మీద ఒట్టు పెట్టుకున్నాడు. అంతకంటే పెద్ద ఒట్టు అతనికి లేదు, నమ్మక తప్పలేదు. ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందు ఒక్క ఫైలుకే వచ్చే ప్రింటు ఇప్పుడు అన్ని ఫైళ్ళకీ రావడం మొదలైంది. మిల్లుకి కాగితాల కట్టలు వెళ్తున్నాయి.

గురునాథరావుగారు నాకంటే ఎక్కువ బెంగపెట్టుకున్నారు. రోజూ నా బల్ల దగ్గరికొచ్చి, ఇవేళ కూడా వచ్చిందేటి అని మెల్లిగా అడిగేవారు. వచ్చిందంటే మొహం చిన్నబుచ్చుకుని, రేపు బాగుంటాదిలే అని వెళ్ళిపోయేవారు. నా ప్రోగ్రామంతా చదివి పెట్టమంటే మాత్రం, నీ తప్పు నువ్వే పట్టుకోవాలన్నారు. పాత పద్ధతి.

ఆదివారం మా అమ్మ దిబ్బరొట్టె చేసి వాళ్ళింటికి ఇచ్చి రమ్మంది. గురునాథరావుగారు బజారుకెళ్ళారు. వాళ్ళావిడ వరలక్ష్మమ్మగారు నన్ను వంటింట్లోనే పీట మీద కూర్చోబెట్టి, అలా చిక్కిపోయావేమని అడిగారు. నేను ఏదో చెప్పబోయేలోపు ఆవిడే అందుకున్నారు.

"మీ మావయ్యకి నీ గొడవే అమ్మా. నీ ప్రోగ్రాం బాగవ్వాలని రోజూ ముందే ఎల్పోతన్నారు. అదివరకు రోజూ ఒక్కదాని మీదే శ్రీరామ చెరిపి రాసీవారట. ఇప్పుడు అన్నిటి మీదా చెరిపీసి కొత్తగా రాస్తన్నారట. టిఫినైనా సరిగ్గా తింటం లేదు."

అప్పుడు తట్టింది నాకు. కార్డులు పోయాయి కానీ కార్డు పోలేదు. ఫైళ్ళ మొదటి వరసలో, మెషీను చదవని చోట, శ్రీరామ అని ఉండడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అదక్కడ ఎప్పుడూ ఉండేదే కాబట్టి కంటికి ఆనలేదు. ఆయన పొద్దున్నే ఫైలు తెరిచి, నిన్నటి శ్రీరామ చెరిపి, ఇవాళ్టిది రాసి, సేవ్ చేస్తున్నారు. లోపల ఒక్క అక్షరం మారదు. టైము మాత్రం కొత్తదవుతుంది. నా చౌకీ ఆ టైము చూసి, మారింది మారిందని ఊరంతా లేపుతోంది. అది గోల పెట్టినకొద్దీ ఆయన ఇంకా ఎక్కువ ఫైళ్ళకి శ్రీరామ రాస్తున్నారు. ఆయన ఎంత గట్టిగా దీవిస్తే నేను నందినికి అంత దగ్గరవుతున్నాను.

ఒళ్ళు మండిపోయింది. ఇంటికి నడుస్తూ దారంతా ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. ఇంత చదువుకున్న మనిషి, యూనిక్స్ పుస్తకం మొదటి అట్టనుంచి చివరి అట్టదాకా చదివిన మనిషి, సేవ్ చేస్తే టైము మారుతుందని తట్టదా అని. మా వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం ఎక్కడ పోయిందో తెలీదు. నాకోసం టిఫిను మానేసిన మనిషిని ఏమని తిట్టను? ఏడుపొచ్చింది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని, రేపు మెల్లిగా చెప్పేద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆయన అప్పటికే చెప్పులు గది బయట విప్పి, చేతులు కడుక్కుని, టెర్మినల్ ముందు కూర్చున్నారు. వెనక నిలబడి చూశాను. దేవుడి పటానికి నిన్నటి పువ్వు తీసినట్టు ఒక్కో అక్షరం చెరిపారు. మళ్ళీ ఒక్కో అక్షరం పెట్టారు. సేవ్ చేసి, చేతులు కళ్ళకద్దుకున్నారు. తిరిగి నన్ను చూసి, "ఇవేళ నీ చౌకీ మాట వింటాదిలే అమ్మా" అన్నారు.

ఆ మాట పూర్తయ్యేలోగా ప్రింటరు కదిలింది. ఆయన మొహం చూడాలి. నేను చూడలేకపోయాను. మింగలేక కక్కలేక, టీ తాగొస్తానని బయటికి వచ్చేశాను.

క్యాంటీను దాకా కూడా వెళ్ళలేదు. మెట్లమీదే కూర్చుండిపోయాను. కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, తప్పు ఆయనది కాదని. కాపలావాడు తలుపు చప్పుడైతే చాలు దొంగా దొంగా అని అరిస్తే, బుద్ధి చెప్పాల్సింది కాపలావాడికి. తలుపు తీసింది ఇంటాయనా దొంగా అని లోపలికి తొంగి చూడాలి కదా. నేను చౌకీకి ఆ కళ్ళు పెట్టలేదు. లోపలికి వెళ్ళి దాన్ని మార్చాను. ఇప్పుడది ప్రతి ఫైలుకీ ఒక నకలు దాచుకుంటుంది. టైము కొత్తదైతే వెంటనే పరుగెత్తదు. నకలునీ ఫైలునీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. రెండూ ఒకటే అయితే నోరెత్తదు. మిల్లులో పార్థసారథిగారు పెన్సిలు పట్టుకుని పడే అవస్థ ఇక అదే పడుతుంది.

ఆ తరవాత ఉత్తుత్తి కాగితాలు ఆగిపోయాయి. గురునాథరావుగారు తన శ్రీరామ ఫలించిందనుకుని మళ్ళీ టిఫిను తినడం మొదలుపెట్టారు. నేను ఏమీ చెప్పలేదు. కానీ రాజగోపాల్‌గారికి కారణం చెప్పాలి.

నెలాఖరున ఆయన పార్థసారథిగారిని కూడా మిల్లు నుంచి పిలిపించి మా గదికి వచ్చారు. చేతిలో నా కుర్చీ సంగతి రాసిన ఆ కాగితం ఉంది. అందరం లేచి నిలబడ్డాం. కారణం దొరికిందా అని అడిగారు. దొరికింది సార్, ఫైలు లోపల మారకపోయినా సేవ్ అయిన టైము మారుతోంది, నేను చౌకీకి టైము చూడడం ఒక్కటే నేర్పాను, తప్పు నాదే, దిద్దుకున్నాను అని గడగడా చెప్పేశాను. అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు.

"మరి రోజూ పొద్దున్నే సేవ్ చేస్తున్నది ఎవరు?"

శ్యామసుందర్ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. అతని పేరు చెబితే అందరూ నమ్ముతారు, ఆ సంగతి అతనికీ తెలుసు. గురునాథరావుగారి పేరు చెబితే, పని నేర్పిన మనిషిని ఆయన శిష్యులందరి ముందూ నవ్వులపాలు చెయ్యాలి. చెప్పకపోతే నందిని బస్సెక్కాలి. ఎప్పుడూ ముందుండే నా నోరు ఆ రోజు పెగలలేదు. రాజగోపాల్‌గారు కాగితం మడతపెట్టబోయారు.

"నేనేనండి" అన్నారు గురునాథరావుగారు.

నా మొహం చూసి ఆయనకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఒక్క అడుగు ముందుకొచ్చి, కార్డుల కాలం నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పారు. ఎక్కడా గొంతు తగ్గించలేదు. చివర్లో మాత్రం, ఆ పిల్ల పని బాగవ్వాలని రాసేను, దాని పనికే అడ్డం పడ్డానని నాకు తోచలేదండి అన్నారు.

శ్యామసుందర్ గండం గడిచిన సంతోషంలో పకపకా నవ్వేశాడు. పార్థసారథిగారు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. నాకు ఇద్దరినీ కొట్టాలనిపించింది. రాజగోపాల్‌గారు నవ్వలేదు. చేతిలోని కాగితం వైపు చూస్తున్నారు. దాని మూల ఉన్న సున్నా గీతా మీద ఆయన బొటనవేలు ఆనించి ఉంది.

"ఇది పిళ్ళైయార్ సుళి" అన్నారు, తన మామూలు ఇస్త్రీ గొంతుతోనే. "వినాయకుడి గుర్తు. ఇది వెయ్యకుండా నాకు చెయ్యి కదలదు. మా నాన్నకీ కదిలేది కాదు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన గురునాథరావుగారిని కూర్చోమని, రోజూ చేసేది ఇప్పుడు చెయ్యమన్నారు. ఆయన ముందు వెళ్ళి చేతులు కడుక్కొచ్చారు. చెరిపారు, రాశారు, సేవ్ చేశారు. అందరం ప్రింటరు వైపు తిరిగాం. నేను నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. చౌకీ పోల్చుకునే వ్యవధి గడిచింది, ఇంకా గడిచింది. ప్రింటరు కదల్లేదు. అప్పుడు రాజగోపాల్‌గారు పార్థసారథిగారితో, ఏదైనా ఒక అంకె మార్చమన్నారు. ఆయన లావుపాటి వేలితో వెతుక్కుని వెతుక్కుని ఒక అంకె మార్చి సేవ్ చేశారు. కాసేపటికి ప్రింటరు గరగరమంది. కాగితం ఊడిరాకముందే పార్థసారథిగారు దాని మీదికి వంగి వేలు పెట్టి, ఇదిగో, ఇది మారిందమ్మా అన్నారు. ఇన్నాళ్ళకి దొరికినందుకు ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

రాజగోపాల్‌గారు కొత్త కాగితం తీసుకుని, మూల సున్నా చుట్టి గీత లాగి, కుముదిని ఈ విభాగంలోనే ఉంటుందని రాసి సంతకం చేశారు.

తరవాత గురునాథరావుగారూ నేనూ క్యాంటీనుకి వెళ్ళాం. టీలు వచ్చాయి. ఆయన గ్లాసు పక్కకి జరిపారు.

"నాకు ముందే చెప్పీసుంటే అయిపోయీది కదమ్మా."

"చెప్తే మానేసేవారు."

"మానేసేవాణ్ణే. రేపట్నుంచి ఎలాగూ మానేస్తాను. నీ పనికి అడ్డం పడేది నాకెందుకు?"

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి దాచుకోలేదు. "మీరు మానేస్తే నా చౌకీ సరిగ్గా కాపలా కాస్తోందని నాకు రోజూ ఎలా తెలుస్తుంది సార్? మీరు రాయాలి, అది నోరు మూసుకోవాలి. అదే దానికి పరీక్ష. మీరు తప్ప ఆ పరీక్ష పెట్టేవాళ్ళు ఈ ఆఫీసులో ఎవరూ లేరు."

ఆయన నా వంక చూసి, గ్లాసులో టీ సగం సాసర్లో పోసుకుని తాగారు.

మర్నాడు పొద్దున్న నేను ముందుగానే వెళ్ళాను. గది బయట ఆయన చెప్పులున్నాయి. నేను తిన్నగా వెళ్ళి ప్రింటరు పక్కన నిలబడ్డాను. ఆయన నిన్నటిది చెరిపి, ఇవాళ్టిది రాసి, సేవ్ చేసి, కళ్ళకద్దుకుని, నా వైపు తిరిగారు.

"ఏటి మారిందమ్మా?"

"ఏమీ మారలేదు సార్" అన్నాను.